అప్‌డేట్ మూటలో ఏముంది?



మా అమ్మకు పాత సినిమాలంటే ప్రాణం. నేనే వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీకి గుచ్చిపెట్టాను. రాత్రి భోజనాలయ్యాక రిమోట్ పట్టుకుని తనే పెట్టుకుని చూసేది. ఒకరోజు పొద్దున్నే పిలిచింది. "ఏరా, రాత్రి దాకా బాగానే ఉందిగా! ఇప్పుడేమో ఈ ఫైలు చదవలేను పొమ్మంటోంది ఈ టీవీ." వెళ్లి చూస్తే, అర్ధరాత్రి టీవీ తనంతట తానే అప్‌డేట్ అయింది. తెర మీద బొమ్మలు మారాయి. అడగని యాప్‌లు రెండు వచ్చి కూర్చున్నాయి. అమ్మ సినిమాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. సంగతి చెప్పాను. అమ్మ కాసేపు టీవీ వైపే చూసి అడిగింది: "డబ్బులిచ్చి కొన్నది మనం కదరా. మనం నిద్రపోతుంటే మనింట్లో వస్తువును మార్చడానికి వాడెవడు?"

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ ప్రశ్న మా ఇంట్లో పుట్టింది కాదు. జపాన్‌లో, అమెరికాలో, యూరప్‌లో పదిహేనేళ్లకు పైగా నలుగుతోంది. అరచేతిలో పట్టే ఒక ఆట యంత్రం, గోరంత కార్డు ఒకటి, ఇంటర్నెట్ ద్వారా దిగే అప్‌డేట్లు, ఈ మూడింటి మధ్య నడిచిన కథ అది. ఈ పూట మీకు ఆ కథ చెబుతాను.

ముందుగా మనందరికీ తెలిసిన చోటి నుంచి బయలుదేరదాం. ఇప్పుడు ముప్ఫై అయిదు, నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వేసవి సెలవులు. టీవీకి తగిలించుకునే వీడియో గేమ్. పైన గాడిలో గుచ్చే పసుపు రంగు క్యాసెట్. దాని అసలు పేరు కార్ట్రిడ్జ్, మనకు మాత్రం అది క్యాసెట్టే. ఆట రాకపోతే తీసి, కింది అంచున ఉఫ్ఫని ఊది, మళ్లీ గుచ్చేవాళ్లం. పైన '9999 ఇన్ 1' అని ఉండేది. లోపల ఉన్న కాసిని ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి.

మన ఊళ్లలో అమ్మిన ఆ పెట్టెల్లో ఎక్కువ భాగం, జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లు. ఆ ఫ్యామికామ్‌కు తాళం లేదు. ఎవరు చేసిన క్యాసెట్ గుచ్చినా ఆడేది. 1985లో అదే యంత్రాన్ని కొత్త పెట్టెలో పెట్టి అమెరికాలో అమ్మబోయినప్పుడు నింటెండో లోపల ఒక తాళం చిప్ పెట్టింది. యంత్రంలో ఒకటి, క్యాసెట్‌లో దానికి జోడీ ఒకటి. రెండూ ఒకే తాళానికి అడుగు వేస్తేనే ఆట నడిచేది. అడుగు తప్పితే యంత్రం సెకనుకోసారి ఆగి మళ్లీ మొదలవుతూ ఉండేది, నత్తివాడు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయినట్టు.

ఆ తాళం గట్టిదే. అయినా దానికొక గుణం ఉంది. అమ్మిన రోజు ఎలా ఉందో, పదేళ్ల తర్వాతా అలాగే ఉంటుంది. కొన్నవాడి ఇంట్లోకి వచ్చి దాన్ని మార్చే దారి కంపెనీకి లేదు.

ఇప్పుడు 2004కి వద్దాం. ఆ ఏడాది చివర్లో నింటెండో డీఎస్ వచ్చింది. పుస్తకంలా మడిచే చిన్న యంత్రం. రెండు తెరలు, కింది తెర మీద పుల్లలాంటి కలంతో రాయొచ్చు. మైకు ఉంది, వైఫై ఉంది. దాని తర్వాతి రూపాలన్నీ కలుపుకుంటే ప్రపంచమంతటా 15 కోట్ల 40 లక్షలు అమ్ముడుపోయాయి. ఇలాంటి యంత్రం పుట్టుకతో తెచ్చుకునే ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. మీట నొక్కగానే ముందు లేచేది అదే. ఏ కార్డు పెట్టారు, అది అసలుదా నకలుదా అని చూసి, తర్వాతే తలుపు తీసేది అదే. మొదటి డీఎస్‌లో ఈ ఫర్మ్‌వేర్‌ను కొన్నవాళ్ల దగ్గరికి పంపి మార్చే ఏర్పాటు నింటెండో పెట్టుకోలేదు.

అంత చక్కని యంత్రం చేతికొస్తే ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లు ఊరుకుంటారా? సొంతంగా రాసినవి దాంట్లో ఆడించాలనుకున్నారు. ఇలా కంపెనీ అనుమతి, లైసెన్సు లేకుండా అభిమానులు రాసుకునే ప్రోగ్రాములను హోమ్‌బ్రూ అంటారు. మన భాషలో చెప్పాలంటే ఇంటి వంట. హోటలు వంట పద్ధతి వేరు, ఇంటి వంట పద్ధతి వేరు. ఉప్పు కాస్త ఎక్కువైనా అడిగేవాడు లేడు, డబ్బూ రాదు, చేసిన తృప్తి మాత్రం మిగులుతుంది.

వండటం సరే, వడ్డించడమెలా? తలుపు దగ్గర ఫర్మ్‌వేర్ కూర్చుని ఉందిగా. 2005 ప్రాంతంలో పాస్‌మీ అని ఒక ఉపాయం కనిపెట్టారు. అసలైన ఆట కార్డును ఒక చిన్న పరికరంలో గుచ్చి, ఆ పరికరాన్ని డీఎస్‌లో పెడతారు. ఫర్మ్‌వేర్ తనిఖీకి వచ్చినప్పుడు అసలు కార్డు ముందుకొచ్చి గుర్తింపు చూపిస్తుంది. తలుపు తెరుచుకోగానే పరికరం దారి మళ్లించి, కింద రెండో గాడిలో ఉన్న సొంత ప్రోగ్రామ్‌ను లోపలికి పంపుతుంది. సినిమా హాలు దగ్గర టికెట్ ఉన్నవాణ్ని ముందు నిలబెట్టి, గేటు తీయగానే వెనకున్నవాడు దూరినట్టన్నమాట. నింటెండో ఊరుకోలేదు. తర్వాత ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డీఎస్‌లలో ఫర్మ్‌వేర్ మార్చి ఆ సందు మూసింది. అప్పటికే అమ్మినవాటిని మాత్రం ముట్టుకోలేకపోయింది.

కొందరు ఇంకో అడుగు ముందుకేశారు. బ్యాటరీ మూత కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో స్క్రూడ్రైవర్ మొన ఆనించి పట్టుకుంటే, ఫర్మ్‌వేర్ ఉన్న చిప్ మీద రాయడానికి వీలవుతుంది. ఒక చేత్తో స్క్రూడ్రైవర్ కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మీటలు నొక్కుతూ, పని పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. చెయ్యి జారితే యంత్రం చచ్చి ఊరుకునే ప్రమాదముంది.

తర్వాత డీఎస్ కార్డుల్లోని సంకేత భాష గుట్టు బయటపడింది. దాంతో ఫ్లాష్ కార్డులు వచ్చాయి. వాటిలో పేరుమోసింది ఆర్4. చూడ్డానికి మామూలు ఆట కార్డే. పక్కన చిన్న గాడి, అందులో గోరంత మైక్రో ఎస్‌డీ కార్డు. ఆ చిన్న కార్డులో ఏ ఫైలు వేసుకుంటే అది ఆడుతుంది. స్క్రూడ్రైవరూ అక్కర్లేదు, ఊపిరి బిగబట్టడమూ అక్కర్లేదు.

ఆ మైక్రో ఎస్‌డీ కార్డులో జనం ఏం వేసుకున్నారు? దాచడమెందుకు, ఎక్కువమంది దొంగ ఆటలే వేసుకున్నారు. దుకాణంలో ముప్ఫై, నలభై డాలర్లు పెట్టి కొనాల్సిన ఆటల్ని వందలకొద్దీ దింపుకుని ఒక్క కార్డులో నింపుకున్నారు. అయితే అదే కార్డులో ఇంకో లోకం కూడా ఉంది. పాటలూ వీడియోలూ చూపించే మూన్‌షెల్. డైరీ, క్యాలెండర్, నోటుపుస్తకం కలిపిన డీఎస్ ఆర్గనైజ్. బస్సులో కూర్చుని సంగీతం కూర్చుకునే నైట్రోట్రాకర్. మరో గుంపయితే ఆ యంత్రంలో ఏకంగా కంప్యూటర్లను నడిపే లినక్స్‌ను నడిపించింది. జ్ఞాపకశక్తి కేవలం 4 మెగాబైట్లున్న యంత్రం అది.

ఈ లోకంలోనే 2007లో స్వీడన్‌కు చెందిన యెన్స్ ఆండర్సన్ 'కలర్స్!' అనే ప్రోగ్రామ్ విడుదల చేశాడు. కింది తెరను కాన్వాసుగా, ప్లాస్టిక్ కలాన్ని కుంచెగా మార్చేసింది అది. దాంతో జనం వేసిన బొమ్మలు చూస్తే ఆట యంత్రం మీద వేశారంటే నమ్మలేం. ఆయన్ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

దొంగ సరుకూ ఇంటి వంటా ఒకే కార్డులో, ఒకే గాడిలో, ఒకే తలుపు గుండా వెళ్లాయి. తర్వాత జరిగిన గొడవంతటికీ మూలం అదే.

2008 నవంబరులో జపాన్‌లో డీఎస్ఐ వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమెరికా, యూరప్‌లకు చేరింది. కెమెరాలు వచ్చాయి, ఎస్‌డీ కార్డు గాడి వచ్చింది, ఆటలు దింపుకునే దుకాణం వచ్చింది. ఇంకొకటి కూడా వచ్చింది. ఫర్మ్‌వేర్‌ను ఇంటర్నెట్ ద్వారా మార్చే దారి. అంటే కొన్నవాడి ఇంట్లోకి కంపెనీకి ఒక దొడ్డి తలుపు దొరికింది.

డీఎస్ఐ కాపలా ఎలా ఉండేదో చూడండి. అప్పటికే వేలాది డీఎస్ ఆటలు జనం చేతుల్లో ఉన్నాయి. వాటి మీద కంపెనీ కొత్త తరహా డిజిటల్ సంతకం లేదు. అవన్నీ ఆడకపోతే కొన్నవాళ్లు ఊరుకోరు. అందుకని నింటెండో ఒక జాబితా తయారుచేసింది. పాత ఆటలన్నిటి వేలిముద్రలూ అందులో ఉంటాయి. కార్డు పెట్టగానే యంత్రం వేలిముద్ర తీసి జాబితాతో పోల్చుకుంటుంది. ఉంటే లోపలికి, లేకపోతే బయటికి. కొత్తగా వచ్చే ఆటలకు మాత్రం సంతకం ఉండితీరాలి.

ఫ్లాష్ కార్డులవాళ్లు దీనికి ఏం చేశారంటారా? పగటివేషం వేశారు. జాబితాలో ఉన్న ఏదో ఒక పాత, ఎవరికీ పట్టని ఆట వేలిముద్రను కార్డుకు పూశారు. కార్డు పెడితే డీఎస్ఐ తెర మీద ఆ పాత ఆట పేరూ బొమ్మా కనిపిస్తాయి. దాన్ని నొక్కితే లోపలున్న అసలు మనిషి బయటికొస్తాడు. అలాంటి కార్డుల పేర్ల చివర 'ఐ' అనే అక్షరం చేరింది. డీఎస్ఐలో ఆడతానని చెప్పుకోవడం అది.

2009 జులై-ఆగస్టుల్లో నింటెండో 1.4 అనే అప్‌డేట్ వదిలింది. ఆ మూటలో పైకి కనిపించిన కానుక, డీఎస్ఐలో తీసిన ఫోటోలను నేరుగా ఫేస్‌బుక్‌లో పెట్టుకునే సదుపాయం. 2009లో అది చిన్న ఆశ కాదు. అదే మూట అడుగున, ఫ్లాష్ కార్డులు వేసుకుంటున్న వేషాల మీద బిగించిన తనిఖీ ఉంది. ఫోటో కోసం ఒప్పుకున్నవాడు, కార్డు గుచ్చి చూసేసరికి అది పలకడం మానేసింది. వెనక్కి పోదామంటే వీల్లేదు. పాత ఫర్మ్‌వేర్‌కు తిరిగి దిగే మెట్లు కంపెనీ కట్టలేదు.

కొద్దిరోజుల్లోనే కార్డుల తయారీదారులు కొత్త వేషంతో వచ్చారు. కార్డులో ఉండే ప్రోగ్రామ్‌నూ మార్చుకునేలా కొన్ని కార్డులు చేశారు కాబట్టి, ఇంటర్నెట్ నుంచి ఒక ఫైలు దింపి కార్డుకు కొత్త వేషం వేయొచ్చు. చిక్కేమిటంటే ఆ ఫైలును నడపాలంటే కార్డు ముందు ఏదో ఒక యంత్రంలో తెరుచుకోవాలి. డీఎస్ఐ తెరవదు. కాబట్టి పాత డీఎస్ ఉన్నవాడి ఇంటికి వెళ్లి కాసేపు అరువడగాలి. పాత డీఎస్‌కు అప్‌డేట్లు లేవు, దానికి ఏ కార్డయినా ఒకటే. నిన్నటిదాకా పాతదని పక్కన పడేసిన యంత్రం, ఈ రోజు కొత్త యంత్రానికి వైద్యం చేయాల్సి వచ్చింది. 1.4 తర్వాత 1.4.1, 1.4.2, అలా 2012 డిసెంబరులో 1.4.5 దాకా వచ్చాయి. చాలాసార్లు ఇదే తంతు. తనిఖీ బిగిసేది, వేషం మారేది.

ఇక్కడ ఒక సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ఈ అప్‌డేట్లతో నష్టపోయిందెవరు? కార్డుల వ్యాపారి అనుకుంటాం. లెక్క చూస్తే అలా లేదు. తనను తాను మార్చుకోలేని కార్డు కొన్నవాడు, దాన్ని చెత్తబుట్టలో వేసి ఇంకోటి కొనాలి. కొత్త కార్డు అట్టపెట్టె మీద '1.4.5లో పనిచేయును' అని పెద్ద అక్షరాలతో ఉండేది. కంపెనీ అప్‌డేట్ నంబరే దొంగ సరుకు అమ్మేవాడి ప్రకటన అయింది. ప్రతి అప్‌డేట్ వాడికో పండగ సీజన్. తాళాలు మార్చిన ప్రతిసారీ మారుతాళాలు చేసేవాడు బాగుపడ్డాడు.

ఇంతటితో అయిపోలేదు. ఆర్4 పేరుతో వచ్చిన నకిలీ కార్డుల్లో కొన్నిటికి గడువు పెట్టారు. ఫలానా తేదీ దాటితే కార్డు మెనూ తెరుచుకోదు, కొత్త ఫైలు దింపుకోమంటుంది. తాళాలు తీసి బతికేవాళ్లు తమ సరుకుకూ తాళం వేశారన్నమాట. డీఎస్ఐ తర్వాత నింటెండో తెచ్చిన త్రీడీఎస్ కాలంలోనైతే ఒక కార్డు ప్రోగ్రామ్‌లో, తమ కార్డుకు నకళ్లు చేసినవాళ్లను దెబ్బతీయడానికి, యంత్రాన్నే పాడుచేసే ఏర్పాటు ఉందని దాన్ని విప్పి చూసిన ప్రోగ్రామర్లు బయటపెట్టారు. దొంగల మధ్య దొంగతనం జరిగితే శిక్ష పడింది యంత్రం కొన్న కుర్రాడికి.

నలిగిపోయింది హోమ్‌బ్రూ. డ్రాయింగ్ ప్రోగ్రామ్ రాసి ఊరికే పంచిన మనిషికి అప్‌డేట్ వల్ల వచ్చే లాభమేదీ లేదు. పైసా ఆదాయం లేని పనికి, తన ప్రోగ్రామ్ వాడేవాళ్లందరూ మళ్లీ కార్డు కొనుక్కోవాలి. జాబితా చూసి పంపించే కాపలాదారుకు వేలిముద్ర తెలుస్తుంది, మనిషి ఎందుకొచ్చాడో తెలియదు. పెళ్లి భోజనానికి పిలవకుండా వచ్చినవాణ్నీ, పెళ్లిలో సన్నాయి వాయించడానికి వచ్చినవాణ్నీ ఒకే చీటీ అడిగి ఒకే గేటు దగ్గర ఆపినట్టయింది.

ఇలా మూట కట్టే తెలివి నింటెండోది ఒక్కదానిదే కాదు. సోనీ చేతి ఆట యంత్రం పీఎస్‌పీ కథా అంతే. 2005లో 2.00 ఫర్మ్‌వేర్‌తో ఇంటర్నెట్ బ్రౌజర్ ఇచ్చారు. అంతకుముందున్న 1.50లో హోమ్‌బ్రూ నడిచేది. బ్రౌజర్ కావాలా, నీ ప్రోగ్రాములు కావాలా? ఏదో ఒకటే. కొత్త ఆట డిస్కులు కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే తప్ప ఆడనన్నాయి.

అన్నిటికంటే ఘాటైన ఉదాహరణ ప్లేస్టేషన్ 3. దాన్ని అమ్మినప్పుడే సోనీ 'అదర్ ఓఎస్' అనే సదుపాయం ఇచ్చింది. ఆట యంత్రంలో లినక్స్ వేసుకుని కంప్యూటర్‌లా వాడుకోవచ్చు. అది దొంగ దారి కాదు, కంపెనీ తెరిచిపెట్టిన వాకిలి. 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్ ఆ వాకిలిని గోడగా కట్టేసింది. అప్‌డేట్ వద్దనుకుంటే లినక్స్ ఉంటుంది, కానీ ఆన్‌లైన్‌లో ఆడలేరు. అదే ఏడాది అమెరికా వైమానిక దళం 1,760 ప్లేస్టేషన్ 3లను కలిపి కట్టిన సూపర్ కంప్యూటర్‌ను ప్రకటించింది. వాళ్లవి ఇంటర్నెట్ ఆటల కోసం పెట్టినవి కావు కాబట్టి సరిపోయింది. ఇంట్లో ఒక్కటి కొనుక్కున్నవాడి మాటేమిటి? అమెరికాలో కొన్నవాళ్లు కోర్టుకెళ్లారు. ఏళ్ల తర్వాత కేసు రాజీతో ముగిసి, అర్హులైన వారికి కొద్దిపాటి డబ్బు దక్కింది.

ఇక కోర్టుల సంగతి. 2008లో నింటెండో, మరో 54 కంపెనీలు కలిసి టోక్యో జిల్లా కోర్టులో ఆర్4 లాంటి కార్డులు అమ్మేవాళ్ల మీద దావా వేశాయి. 2009 ఫిబ్రవరిలో గెలిచాయి. 2010లో లండన్ హైకోర్టు కూడా అమ్మకాలు తప్పేనంది. ఆ పరికరాన్ని మంచి పనికి కూడా వాడొచ్చు అన్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోదని తేల్చింది. 2014 జనవరిలో యూరప్ న్యాయస్థానం, ఇటలీ నుంచి వచ్చిన ఒక కేసులో, ఇంకో కోణం చూపించింది. కంపెనీకి తాళం వేసుకునే హక్కు ఉంది, కానీ తాళం అవసరానికి తగ్గట్టుండాలి. తాళం తీసే పరికరాన్ని జనం నిజంగా ఎక్కువగా దేనికి వాడుతున్నారో న్యాయమూర్తి పరిశీలించాలి అంది.

మన దేశంలో ఏమిటంటారా? కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 65ఎ అనే సెక్షన్ వచ్చింది. ఇలాంటి తాళాలను బద్దలుకొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అయితే మన చట్టం ఒక మాట చేర్చింది: హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తే. మనిషి ఎందుకొచ్చాడో కాపలాదారు అడగకపోయినా, మన చట్టం అడుగుతుంది. గేమింగ్ మీద మోజున్న మన పిల్లలకు ఆ ఒక్క మాట తెలిసుండటం మంచిది. సొంత ప్రోగ్రామ్ నడుపుకోవడానికీ, ఇంకొకరి కష్టాన్ని ఊరికే దింపుకోవడానికీ మధ్య గీత అక్కడుంది.

మళ్లీ కథలోకి వద్దాం. వేషాలు మార్చి మార్చి విసిగిన హోమ్‌బ్రూ మనుషులు చివరికి కార్డును వదిలేశారు. బయటి నుంచి తలుపు తట్టడం మాని, ఇంట్లోనే ఉన్న కిటికీలు వెతికారు. 2011లో డీఎస్ఐ దుకాణంలో అమ్మే ఒక సుడోకు ఆటలో లోపం పట్టారు. దుకాణం ఆ ఆటను తీసేసి, సరిచేశాక మళ్లీ పెట్టింది. 2014 నవంబరులో త్రీడీఎస్‌కు సంబంధించి మరో తమాషా జరిగింది. 'క్యూబిక్ నింజా' అని ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆట ఒకటుంది. అందులో ఆటగాళ్లు తాము కట్టిన లెవెల్స్‌ను క్యూఆర్ కోడ్‌గా మార్చి స్నేహితులకు ఇవ్వొచ్చు. స్మియా అనే మారుపేరున్న ప్రోగ్రామర్, ఆ కోడ్ చదివేచోట ఉన్న లోపం ద్వారా హోమ్‌బ్రూను లోపలికి పంపే దారి చూపించాడు. అంతే, మూలనపడ్డ ఆటకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. ఇంటర్నెట్‌లో పాత కాపీల ధరలు ఆకాశానికెక్కాయి. గమనించండి, ఇక్కడ ఫ్లాష్ కార్డు లేదు, దాని వ్యాపారీ లేడు. కంపెనీ అనుమతితో అమ్మిన సరుకే తాళంచెవి అయింది.

నింటెండో అప్‌డేట్లతో ఆ కిటికీలూ మూస్తూ వచ్చింది. అలాంటి అప్‌డేట్ల ప్రకటనలో చాలాసార్లు ఒకటే వాక్యం ఉండేది: వ్యవస్థ స్థిరత్వం మెరుగుపరిచాం అని. ఏం మూశారో చెప్పేవారు కాదు. ఆ మాట వింటే చాలు నవ్వుకునేవాళ్లు తెలిసినవాళ్లు. అయితే 2017లో త్రీడీఎస్ పుట్టుక ప్రోగ్రామ్‌లోనే, అంటే ఫ్యాక్టరీలో చిప్‌లోకి అచ్చుపోసిన చోటనే, లోపం బయటపడింది. అచ్చుపోసినదాన్ని ఏ అప్‌డేటూ మార్చలేదు. అలాంటి లోపమే, నింటెండో తర్వాత తెచ్చిన స్విచ్ తొలి యంత్రాల్లోనూ 2018లో బయటపడింది. స్విచ్‌లో ఇంకో విశేషం ఉంది. కొన్ని అప్‌డేట్లు వేసినప్పుడు చిప్ లోపల ఒక సన్నని ఫ్యూజు కాలిపోతుంది. పాత ఫర్మ్‌వేర్ లేవగానే కాలిన ఫ్యూజులు లెక్కపెట్టుకుని, 'నా కాలం దాటిపోయింది' అని ఆగిపోతుంది. వెనక్కి వెళ్లే మెట్లు లేవని డీఎస్ఐ గురించి అన్నాను కదా, ఇక్కడ ఎక్కిన మెట్టును ఎక్కినట్టే తగలబెట్టేస్తారు.

కంపెనీల పక్షాన మాట్లాడాల్సింది కూడా ఉంది. ఒక ఆట వెనక వందలమంది జీతాలుంటాయి. ఆన్‌లైన్ పోటీలో మోసం చేసేవాణ్ని ఆపకపోతే నిజాయితీగా ఆడే పిల్లవాడి ఆట చెడుతుంది. అప్‌డేట్ల వల్లే దొంగ ప్రోగ్రాములు మన వివరాలు లాక్కోకుండా ఆగుతాయి. నేనూ నా ఫోన్‌కు వచ్చే భద్రతా అప్‌డేట్లను వాయిదా వేయను, మీరూ వేయకండి.

కానీ కాలం గడిచాక ఆ కిటికీలకు వేరే అర్థం వచ్చింది. డీఎస్ఐ దుకాణం 2017 మార్చి 31న మూతపడింది. త్రీడీఎస్ దుకాణంలో అమ్మకాలు 2023 మార్చి 27న ఆగిపోయాయి, 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ ఆటా ఆగిపోయింది. దుకాణంలో తప్ప కార్డుగా ఎప్పుడూ రాని ఆటలు, కొత్తగా కొనాలన్నా దొరకవు. అమెరికాలో ఆటల చరిత్రను భద్రపరిచే ఒక సంస్థ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికి కొత్తగా అమ్మకంలో లేవని తేలింది. ఆగిపోయిన ఆన్‌లైన్ సర్వర్లకు బదులు సొంత సర్వర్లు కట్టి, పాత యంత్రాలను మళ్లీ కలుపుతున్నది హోమ్‌బ్రూ మనుషులే. 2019లో డీఎస్ఐ కెమెరా ప్రోగ్రామ్‌లో ఒక కిటికీ దొరికింది. ఎస్‌డీ కార్డులో చిన్న ఫైలు పెడితే చాలు, ఫ్లాష్ కార్డు అక్కర్లేకుండానే ఆ ముసలి యంత్రం ఏ ప్రోగ్రామయినా నడుపుతుంది. ఇంటివాడు తాళం వేసుకుని ఊరొదిలి వెళ్లాక, దీపం పెట్టేవాడు ఆ కిటికీలోంచే దూరాల్సి వచ్చింది.

మరి యెన్స్ ఆండర్సన్ ఏమయ్యాడు? 2012లో ఆయన 'కలర్స్! 3డీ' నింటెండో దుకాణంలోకే వచ్చింది, లైసెన్సుతో, అమ్మకానికి. అయిదేళ్ల ముందు ఫ్లాష్ కార్డు సందులోంచి దూరిన ప్రోగ్రామ్ ఇప్పుడు పెద్ద వాకిట్లోంచి నడిచొచ్చింది. అప్పటి జాబితాకు ఆ ప్రోగ్రామ్‌లో కనిపించింది ఒక నకిలీ కార్డు మాత్రమే. అందులో రాబోయే సరుకు ఉందని వేలిముద్ర చూసేవాడికెలా తెలుస్తుంది?

ఇప్పటి పరిస్థితి ఇంకా బిగిసింది. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చింది. కొద్దిరోజులకే, ఒక రకం ఫ్లాష్ కార్డు వాడిన యంత్రాలను ఆన్‌లైన్ నుంచి వెలివేస్తున్నారని వార్తలొచ్చాయి. డీఎస్ఐ కాలంలో కార్డును ఆపేవారు, ఇప్పుడు యంత్రాన్నే ఆపుతున్నారు. వెలివేత మనిషికి కాదు, యంత్రానికి. ఆ యంత్రాన్ని తెలియక సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికీ అదే శిక్ష.

ఇంత చెప్పాక నాకు మిగిలిన మాట ఒక్కటే. తాళం మార్చుకునే హక్కు కంపెనీకి లేదనను. నా అభ్యంతరం మూట కట్టడం మీద. నన్ను కాపాడే అప్‌డేట్ ఒకటుంటుంది. నాకు సదుపాయం ఇచ్చే అప్‌డేట్ ఒకటుంటుంది. నా చేతిలో ఉన్నదాన్ని తీసుకునే అప్‌డేట్ ఇంకొకటుంటుంది. మూడింటినీ ఒకే మూటలో కట్టి, పైన 'స్థిరత్వం' అని రాసి, ఒకే ఒక్క 'అంగీకరిస్తున్నాను' మీట ఇవ్వడం న్యాయం కాదు. మూట విప్పి చూపించండి. ఏది ఇస్తున్నారో, ఏది తీసుకుంటున్నారో రెండు వరుసల్లో రాయండి. తర్వాత మీట నొక్కడమా మానడమా మా ఇష్టం.

మొన్న ఇదంతా మా అమ్మకు చెప్పాను. మూట మాట వినగానే నవ్వింది. "తెలుసురా. మా రోజుల్లో పంచదార కావాలంటే సబ్బులూ టీపొడీ కూడా తీసుకోమనేవాడు ఆ కొట్టువాడు. తిట్టుకుంటూనే తెచ్చుకునేవాళ్లం." అని కాసేపాగి, ఇంకో మాట అంది. "అయినా వాడే నయం. అక్కర్లేని సబ్బు అంటగట్టాడు గానీ, మన డబ్బాలో ఉన్న బియ్యం మాత్రం ఎత్తుకుపోలేదు."